నవలలో తల్లి మీద మీకొచ్చిన కోపం గురించి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా విషయం తెలుస్తుంది. మీరు చదివిన నవలలో తల్లికి పెద్దకొడుకంటే ప్రాణం. చిన్నకూతురు ఉద్యోగం చేసి జీతమంతా తెచ్చి అమ్మ చేతిలో పెడుతుంది. ఆ డబ్బు కొడుకు వ్యాపారాల్లో కరిగిపోతుంది. కూతురి పెళ్లి ఏళ్ల తరబడి వాయిదా పడుతుంది. తల్లి మంచాన పడ్డాక చాకిరీ అంతా కూతురిదే. ఇల్లు మాత్రం కొడుకు పేరున రాసేసి తల్లి కన్నుమూస్తుంది. ఆఖరి పేజీలో కూతురు ఆమె ఫొటోకి దండ వేసి, అమ్మ మనసు నాకు తెలుసు అనుకుంటుంది. మీరు పుస్తకం విసిరేశారు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మీ వారు "కథకి ఇంత టెన్షన్ ఏంటి?" అన్నారు. లేని మనుషుల మీద ఇంత కోపం రావడం మామూలేనా, దీన్ని ఎలా తగ్గించుకోవాలి అని మీ ప్రశ్న.

మామూలే. నేను ముప్ఫై ఏళ్లకు పైగా ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేశాను. తిరిగొచ్చిన ప్రతి పుస్తకం పేజీలు తిరగేసి చూడటం నా పనిలో భాగం. చిరుగులు, మరకలు, రాతలు ఉన్నాయేమో చూడాలి. ప్రేమకథల్లో పెన్సిల్ రాతలు తక్కువ. హత్యల నవలల్లో అసలు ఉండవు. రాతలన్నీ కుటుంబ నవలల్లోనే, అదీ తల్లో అత్తగారో ఒక బిడ్డను ఎత్తి, ఇంకో బిడ్డను తొక్కే చోట. "దీని చెంప పగలగొట్టాలి" అని ఒకరు. "అడుగు, నోరు తెరిచి అడుగు" అని ఆ కూతురినే గద్దిస్తూ ఇంకొకరు. ఒక పుస్తకంలోనైతే తల్లి పేరు వచ్చిన చోటల్లా బాల్‌పెన్ను మొనతో పొడిచారు, చిల్లు నాలుగు పేజీల అవతలికి దిగింది. రబ్బరు పెట్టి చెరిపేయమని పైవాళ్లు చెప్పేవారు. చాలావాటిని చెరపలేదు నేను. ఆ రాతలు రాసినవాళ్లంతా మీలాంటివాళ్లే, ఇంటి పనులు ముగించుకుని రాత్రి పదకొండింటికి పుస్తకం పట్టుకున్నవాళ్లు.

లేని మనిషి కోసం మనం ఎందుకు కదిలిపోతాం అన్నది పెద్దవాళ్లను కూడా వేధించిన ప్రశ్నే. కాలిన్ రాడ్‌ఫర్డ్ అనే ఇంగ్లండు తత్వవేత్త 1975లో దీని మీదే ఒక వ్యాసం రాశాడు. టాల్‌స్టాయ్ నవలలో నాయిక చనిపోతే, ఆమె లేదని తెలిసి కూడా ఎందుకు బాధపడతాం అని అడిగి, మన స్పందనలో ఎక్కడో పొంతన కుదరడం లేదని తేల్చాడు. నాకు ఆ జవాబు రుచించలేదు. మనవాళ్లు ఈ విషయం అంతకు చాలా ముందే, ఇంకా లోతుగా ఆలోచించారు. భరతుడి నాట్యశాస్త్రంలో రౌద్రం ఒక రసం (కావ్యం మనలో కలిగించే అనుభూతి), దానికి స్థాయీభావం, అడుగున నిలిచి ఉండే భావం, క్రోధం. అంటే చూసేవాడికి కోపం రావడం లోపం కాదు, కావ్యం చేయాల్సిన పనుల్లో అదొకటి. నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం రాసిన అభినవగుప్తుడు ఇంకో మాట కూడా చెప్పాడు, అది మీకు సరిగ్గా సరిపోతుంది. రసానుభవానికి అడ్డొచ్చే విఘ్నాలు ఏడని లెక్కపెట్టి, అందులో ఒకటిగా చూసేవాడు తన సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోవడాన్ని చెప్పాడు. పాత్ర కోపం పాత్ర దగ్గరే ఉంటే రసం. అది మన ఇంటి గడప దాటి లోపలికి వచ్చి, మన పాత కోపంతో కలిసిపోతే ఇక అది రసం కాదు, నిద్ర పట్టని రాత్రి.

మీకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదన్నారు. మీ ఇంటి సంగతి మీరు రాయలేదు, నేను అడగను. నా సంగతి చెప్తాను.

మా ఇంట్లో ఒకటే టేబుల్ ఫ్యాన్. వేసవిలో అందరం ఒకే గదిలో చాపల మీద పడుకునేవాళ్లం. ఆ ఫ్యాన్ వెనక చిన్న మీట ఉండేది. కిందకి నొక్కితే ఫ్యాన్ అటూ ఇటూ తిరుగుతుంది, పైకి లాగితే ఒకవైపే నిలిచిపోతుంది. అందరం పడుకున్నాక అమ్మ లేచి ఆ మీట పైకి లాగేది. ఫ్యాన్ అన్నయ్య వైపు ఆగిపోయేది. ఆ టక్ మనే చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ చప్పుడు కోసం చీకట్లో కళ్లు మూసుకుని ఎదురుచూసేదాన్ని, ఈ రోజైనా రాదేమోనని. అన్నయ్యకి చిన్నప్పుడు ఆయాసం ఉండేది, అందుకే అనేది అమ్మ. ఆయాసం నిజమే. కానీ వాడు ఇంటర్‌కి హాస్టల్‌కి వెళ్లినప్పుడు ఫ్యాన్ కూడా వాడితోనే వెళ్లింది. ఆ వేసవి నాకూ చెల్లికీ విసనకర్ర మిగిలింది.

ఇరవై ఏళ్ల తర్వాత గ్రంథాలయంలో, మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు, ఒక నవలలో తల్లి పిల్లలకి పెరుగు వడ్డించే సన్నివేశం చదివాను. మీగడ ఒకరి కంచంలోకి, నీళ్ల పెరుగు ఇంకొకరి కంచంలోకి. అందులో ఫ్యాన్ లేదు, చాప లేదు. అయినా నాకు టక్ మని వినపడింది. పుస్తకం మూసి బయటికి వెళ్లి బోరింగ్ దగ్గర మొహం కడుక్కున్నాను. ఆ తల్లిని నేను నిజంగా అసహ్యించుకున్నాను. మా అమ్మని ఒక్కరోజు కూడా అలా అసహ్యించుకోలేకపోయాను. కన్నతల్లి మీద పడలేని కోపం కాగితం మీది తల్లి మీద పడుతుంది, అక్కడైతే పాపం అంటదు కాబట్టి. పుస్తకాల పక్క ఖాళీల్లో రాసినవాళ్లలో చాలామంది ఆ పని చేస్తున్నారని నా నమ్మకం.

పక్షపాతం మీద కోపం ఎంత లోతైనదో చూపే ఒక ప్రయోగం ఉంది. 2003లో సారా బ్రోస్నన్, ఫ్రాన్స్ డి వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కపుచిన్ కోతుల మీద చేశారు. చిన్న పని చేస్తే దోసకాయ ముక్క ఇస్తారు. కోతి హాయిగా తినేస్తుంది. పక్క కోతికి అదే పనికి ద్రాక్షపండు ఇవ్వడం చూస్తే మాత్రం, అప్పటిదాకా తిన్న దోసకాయనే వద్దంటుంది, కొన్నిసార్లు విసిరి కొడుతుంది. దోసకాయ చేదెక్కలేదు. పక్కన ద్రాక్ష కనపడింది, అంతే. నవలలో ఆ కూతురికి అన్నం పెట్టకుండా ఎవరూ మాడ్చలేదు, బడికి పంపకుండా ఆపలేదు. అయినా మీకు ఒళ్లు మండింది. పస్తు పెడితే జాలి వస్తుంది. పక్కవాడికి ఎక్కువ వడ్డిస్తే కోపం వస్తుంది.

నవల రాసేవాళ్లకి ఇది బాగా తెలుసు. మీకు కోపం తెప్పించడానికి వాళ్లు చేసే పని పెద్దదేం కాదు. పెద్ద అన్యాయం ఒక్కటి పెట్టరు, చిన్నవి వరసగా పేరుస్తారు. కొత్త చొక్కా, పరీక్ష ఫీజు, పండగ పూట పిలుపు. ప్రతిచోటా ఆ కూతురి నోటి దాకా ఒక మాట వస్తుంది, రచయిత దాన్ని మింగించేస్తారు. ఆమె మింగిన మాటలన్నీ మీ గొంతులో పేరుకుంటాయి. మీకు నిద్ర పట్టనివ్వనివి ఆ మాటలే. వారపత్రికల్లో సీరియల్స్ వెలిగిన రోజుల్లో దీనికి ఇంకో ఊతం ఉండేది. తల్లి ఆ దస్తావేజు మీద సంతకం పెట్టబోతుండగా "వచ్చే వారం" అని ఆపేసేవారు. వారం రోజులు ఇంటింటా, నీళ్ల కుళాయి దగ్గర, బస్సులో అదే చర్చ. కోపం ఒక్కరిలో ఉండిపోకుండా నలుగురిలో చల్లారేది. ఇప్పుడు మీరు ఒక్కరే నాలుగు వందల పేజీలు రెండు రోజుల్లో చదివేసి, ఆ కోపమంతా ఒక్కరే మోస్తున్నారు. మీ వారు దాన్ని పంచుకోలేదు. ఆయన్ని తప్పుపట్టను, ఆ నవల ఆయన చదవలేదు కదా.

ఇంకో సంగతి, ఇది నేను చాలా ఆలస్యంగా గమనించాను. ఇలాంటి నవలల్లో పక్షపాతం చూపేది తల్లి ఒక్కతే కాదు, రచయిత కూడా. మీ నవలలో ఆ పెద్దకొడుకు రాత్రి ఒంటరిగా ఏం ఆలోచిస్తాడో ఒక్క పేజీ అయినా ఉందా? వ్యాపారం మునిగినప్పుడు అతనికి సిగ్గేసిందా? అమ్మ తనకి ఎక్కువ పెడుతోందని తెలుసా, తెలిస్తే ఎలా ఉంది? సాధారణంగా ఇవేవీ ఉండవు. అతను వస్తాడు, డబ్బు అడుగుతాడు, పోతాడు. రచయిత మొత్తం గాలి కూతురి వైపే తిప్పి మీట పైకి లాగేశారు. ఇది తెలిస్తే కోపం పోదు గానీ, కొంచెం పక్కకి జరిగి చూడగలుగుతాం.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. మీకు ధ్రువుడి కథ తెలుసు. పోతన భాగవతం నాలుగో స్కంధంలోది, బళ్లో అందరం చదువుకున్నాం. ఉత్తానపాదుడికి ఇద్దరు భార్యలు, సునీతి, సురుచి. సురుచి అంటే రాజుకి మక్కువ. ఆమె కొడుకు ఉత్తముడు తండ్రి తొడ మీద కూర్చుని ఉంటే, ఐదేళ్ల ధ్రువుడు తనూ ఎక్కబోయాడు. నువ్వు నా కడుపున పుట్టలేదు, అంతగా కావాలంటే విష్ణువుని వేడుకుని నా కడుపున పుట్టు అని సురుచి ఈసడించింది. పిల్లాడు ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయాడు. ఈ కథ విన్న ఎవరినైనా అడగండి, ఎవరి మీద కోపం వచ్చిందని. సురుచి అంటారు. నేనూ అదే అనేదాన్ని. గ్రంథాలయంలో పిల్లలకి కథలు చెప్పే రోజుల్లో ఒకసారి ఈ కథ చెప్తుంటే, ముందు వరసలో కూర్చున్న ఆడపిల్ల లేచి, "మరి వాళ్ల నాన్న ఏం చేస్తున్నాడండీ?" అంది.

ఏం చేస్తున్నాడు? కూర్చున్నాడు. తొడ ఆయనదే, ఇల్లు ఆయనదే, రాజ్యం ఆయనదే. ఒక్క చెయ్యి చాచి రెండో తొడ మీద ఎక్కించుకుంటే కథే లేదు. చాచలేదు. కథలో గట్టిగా మాట్లాడింది సురుచి కాబట్టి మన కోపం అటు పరుగెత్తింది. మాట్లాడని మనిషి మీదికి కోపం పోదు, పోవడానికి దారి దొరకదు. భాగవతం మాత్రం ఆయన్ని వదిలిపెట్టలేదు. ధ్రువుడు అడవికి పోయాక నారదుడు వస్తే, రాజు తన తప్పు తనే ఒప్పుకుని కుమిలిపోతాడు. ఇంకో విషయం చాలామందికి గుర్తుండదు. ఆ ఉత్తముడు తర్వాత వేటకి వెళ్లి ఒక యక్షుడి చేతిలో చనిపోతాడు. అప్పుడు పగబట్టి యక్షుల మీదికి యుద్ధానికి పోయింది ఎవరనుకున్నారు? ధ్రువుడే. ఎవరి తొడ కోసం తను అవమానపడ్డాడో, ఆ తొడ మీద కూర్చున్న తమ్ముడి కోసం. తాతగారైన మనువు వచ్చి ఆపాల్సి వచ్చింది. ఆ పిల్లాడు తన కోపాన్ని తమ్ముడి మీద పెట్టుకోలేదన్నమాట.

నేను మా ఫ్యాన్ కథని ఈ వెలుతురులో మళ్లీ చూసుకున్నాను. మీట లాగింది అమ్మ. ఆ గదిలో నాన్న కూడా ఉన్నాడు. గోడవారగా పడుకుని, అన్నీ వింటూ. రెండో ఫ్యాన్ కొనగల స్తోమత లేదా? మరుసటి ఏడాది ఆయన సొంతానికి రేడియో కొన్నాడు. నా జీవితంలో ముప్ఫై ఏళ్లు ఆ కోపంలో నాన్నకి వాటా రాలేదు. అమ్మ ఒక్కతే మోసింది. ఉన్న ఒక్క ఫ్యాన్‌ని ఎటు తిప్పాలో తేల్చే పని కూడా ఆమె మీదే వదిలేశారు.

మీ నవలలో తండ్రి ఎక్కడ? మీరు రాసిన దాంట్లో ఆయన ఊసే లేదు.

ఇక ఆస్తి విషయం. ఇల్లు కొడుకు పేరున రాయడం మిమ్మల్ని అన్నిటికంటే మండించింది. ఇక్కడ నవల ఏ కాలంలో నడుస్తోందో చూడాలి. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా చనిపోయిన తల్లిదండ్రుల స్వార్జితంలో కొడుకుకీ కూతురికీ సమానమే. కానీ ఉమ్మడి కుటుంబ పిత్రార్జితంలో పుట్టుకతో వచ్చే హక్కు కొడుకులదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో దేశంలో ముందుంది. 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా కూతుళ్లకి కూడా ఆ హక్కు ఇచ్చింది, అయితే అప్పటికే పెళ్లయినవాళ్లకి లేదు. కేంద్రం 2005లో చట్టం మార్చి, పెళ్లయినా కాకపోయినా కూతుళ్లందరికీ ఇచ్చింది. ఆ చట్టం వచ్చేనాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. కాబట్టి 1970ల్లో నడిచే నవలలో పిత్రార్జితం కొడుక్కి పోతే, ఆ అన్యాయం ఒక్క తల్లిది కాదు, కాలానిది, చట్టానిది. కూతురికి పసుపు కుంకుమ కింద ఎకరమో అరెకరమో ఇస్తే అదే గొప్ప. అదే నవల ఈ రోజుల్లో నడుస్తుంటే లెక్క వేరు. ఇల్లు తల్లి స్వార్జితమైతే ఆమె ఎవరికైనా రాయొచ్చు, చట్టం అడ్డుపడదు. అప్పుడు అది ఎవరూ బలవంతపెట్టని, ఆమె చేతులారా చేసిన పని. అక్కడ మీ కోపం ఆమె మీద నిలబడితే నేను మీ పక్షమే.

ఆఖరి పేజీ మీద మీకొచ్చిన కోపం మాత్రం వేరే కోపం. అది తల్లి మీద కాదు, రచయిత మీద. అది నూటికి నూరుపాళ్లు న్యాయం. క్షమించడం ఆ కూతురి హక్కు. కానీ క్షమించే ముందు ఆమెకి ఒక్కసారైనా కోపం రావాలి కదా. అది లేకుండా దండ వేయిస్తే, ఆమె నోరు ఆఖరిసారి మూసింది రచయితే. మన పాత గ్రంథాలు ఇంత పిరికిగా లేవు. ఐతరేయ బ్రాహ్మణంలో శునఃశేపుడి కథ చూడండి. కరువులో ఉన్న అజీగర్తుడికి ముగ్గురు కొడుకులు. తనకి బదులు యజ్ఞపశువుగా ఒకణ్ణి ఇస్తే నూరు ఆవులు ఇస్తానని హరిశ్చంద్రుడి కొడుకు రోహితుడు అడుగుతాడు. పెద్దవాణ్ణి తండ్రి పట్టుకున్నాడు, వీణ్ణి ఇవ్వనని. చిన్నవాణ్ణి తల్లి పట్టుకుంది. నడిమివాణ్ణి ఎవరూ పట్టుకోలేదు. వాడే శునఃశేపుడు. వాణ్ణి స్తంభానికి కట్టడానికి ఎవరూ ముందుకు రాకపోతే, ఇంకో నూరు ఆవులకి తండ్రే కట్టాడు. చంపడానికి ఇంకో నూటికి కత్తి కూడా పట్టాడు. దేవతలు విడిపించాక, అదే తండ్రి వచ్చి కొడుకుని తిరిగి రమ్మన్నాడు. శునఃశేపుడు పోలేదు. మూడు వందల ఆవులని నాకంటే ఎక్కువ అనుకున్నావు అని మొహం మీదే అని, విశ్వామిత్రుడి కొడుకుగా ఉండిపోయాడు. వేద వాఙ్మయంలో ఒక బిడ్డ తండ్రిని కాదనగలిగాడు, ఎవరూ వాణ్ణి తప్పుపట్టలేదు. మీ నవలలో ఆ అమ్మాయికి ఆ పాటి చోటు కూడా దొరకలేదు.

కోపం తగ్గించుకోవడం ఎలా అన్నారు. తగ్గించుకోవద్దు, ముందు కాగితం మీద పెట్టండి. ఆ అమ్మాయి మింగిన మాట మీరు రాయండి, నవలలోని ఆ సన్నివేశంలో, ఆమె నోటితో, నాలుగు వాక్యాలు చాలు. నా దగ్గరికి వచ్చిన ఎంతోమంది పాఠకులకి ఈ మాట చెప్పాను, రాసినవాళ్లు తేలికపడటం చూశాను. కొందరికి మొదటి వాక్యంలోనే పాత్ర పేరు బదులు తమ పేరు వచ్చేసేది. అలా వస్తే కంగారు పడకండి.

ఒక్కటి మాత్రం చేయకండి. ఆ వేడిలో మీ అమ్మగారికో అన్నయ్యకో ఫోన్ చేయకండి. నవల లెక్క మన ఇంటికి తూచినట్టు సరిపోదు. అమెరికాలో జిల్ సూటర్, కార్ల్ పిల్లెమర్ అనే ఇద్దరు పరిశోధకులు ఏళ్ల తరబడి వయసు మళ్లిన తల్లులనీ, పెద్దవాళ్లయిన వాళ్ల పిల్లలనీ విడివిడిగా అడిగి చూశారు. చాలామంది తల్లులు ఫలానా బిడ్డే నాకు ఎక్కువ దగ్గర అని పేరు పెట్టి చెప్పారు. అంటే పక్షపాతం మన ఊహ కాదు. కానీ అమ్మకి ఎవరు దగ్గర అని పిల్లలు చెప్పిన పేరు, తల్లి చెప్పిన పేరు చాలాసార్లు ఒకటి కాలేదు. మా చెల్లిని ఈ మధ్య అడిగాను, ఫ్యాన్ గుర్తుందా అని. దానికి ఫ్యాన్ గుర్తు లేదు. "నీకు లైబ్రరీ సభ్యత్వం కట్టారు, నన్ను అడగను కూడా అడగలేదు" అంది. ఆ సభ్యత్వం సంగతి నాకు ఆ రోజు దాకా తట్టనే లేదు.

నాలుగైదు రోజులు పోయాక ఆ నవల మళ్లీ తీయండి. మొత్తం అక్కర్లేదు, ఇల్లు రాసిచ్చే సన్నివేశం ఒక్కటి చాలు. తల్లి సంతకం పెడుతున్నప్పుడు ఆ గదిలో ఇంకా ఎవరెవరున్నారో, వాళ్లలో ఎవరు ఒక్క మాట అనగలిగి కూడా అనలేదో చూడండి. చూసి నాకు రాయండి.